తాళంకప్పగారి చారిత్రక గోడ

"ఏమండీ, గురువారం గోడ కొట్టేస్తున్నాం" అంది భార్య, కాఫీ గ్లాసు చేతికిస్తూ.

మొదటి గుక్క ఆయన గొంతులోనే ఆగిపోయింది. "ఏ గోడ?"

"ఏ గోడ అనుకుని మీకు పొలమారిందో, ఆ గోడే."

ఆయనకు పాత బజారు వీధిలో తాళాల దుకాణం ఉంది. ఊరంతా తాళంకప్ప అనేవారు. అది సరుకును బట్టి వచ్చిన పేరే గానీ స్వభావాన్ని బట్టి వచ్చింది కాదు. ఆయన నోటికి తాళం మాట అటుంచండి, గడియ కూడా లేదు.

గోడకు ఇటువైపు ముందుగది. కుట్టుమిషను, కత్తిరింపు బల్ల, గుడ్డల మూటలు పోగా మిగిలిన చోటులో భార్య పక్కకి తిరగాలంటే ముందు ఊపిరి బిగబట్టాలి. అటువైపు సామాన్ల గది. అందులో నాలుగు డబ్బాల తుప్పు తాళాలు, ఒక మడతమంచం, ఉత్తరం వైపు కిటికీ. వేసవిలో ఊరంతా పెనంలా కాలుతున్నా ఆ కిటికీలోంచి మాత్రం చల్లగాలి వచ్చేది. తాళంకప్ప రోజూ ఒంటిగంటకు దుకాణం మూసి ఆ గదిలో దూరేవాడు. అడిగినవాళ్ళకు "పాత తాళాల మీద పరిశోధన" అని చెప్పేవాడు. పరిశోధన నాలుగింటిదాకా, గురకతో సహా సాగేది.

ఆ ఏడు వేసవి సంబరాల చివరి ఆదివారం పెద్ద ఊరేగింపు ఉంది. పూర్వం ఆ బజారులో మూటలు మోసినవాళ్ళు, తూకాలు వేసినవాళ్ళు, వీధిదీపాలు వెలిగించినవాళ్ళు ఎలా ఉండేవారో ఆ వేషాల్లో అరవైమంది నడవాలి. ఆ అరవై వేషాలూ కుట్టే పని సంబరాల సంఘం వాళ్ళు తాళంకప్ప భార్య చేతిలో పెట్టారు. ఇరవై ఏళ్ళుగా పాంట్లు పొట్టి చేసి, జిప్పులు మార్చి, ఊడిన బొత్తాలు కుట్టిన మనిషికి తన పేరు మీద వచ్చిన మొదటి పెద్ద పని అది. ఇంకో రెండు మిషన్లు, ఇద్దరు ఆడవాళ్ళు వస్తారు. వాళ్ళు కూర్చోవాలంటే గోడ పోవాలి.

మధ్యాహ్నపు కునుకు పోతుందని తాళంకప్ప పైకి చెప్పలేడు. పరిశోధన పోతుందంటే ఆవిడ నవ్వుతుంది.

"ఆలోచిద్దాంలే" అన్నాడు.

"ఆలోచించండి. గురువారం పొద్దున్న ఎనిమిదింటిదాకా టైముంది. ఎనిమిదింటికి మా తమ్ముడు సుత్తి పట్టుకుని వస్తాడు."

తమ్ముడు తాపీమేస్త్రి. అక్క గీత గీస్తే చాలు, అది గోడో కొండో చూడకుండా కొట్టేసే రకం.

తాళంకప్ప దిగాలుగా దుకాణం తెరిచాడు. అప్పుడే సంబరాల సంఘం కార్యదర్శి మైకు పట్టుకుని వీధి వెంట వస్తున్నాడు. ఎదురుగా నిలబడ్డవాడితో మాట్లాడాలన్నా మైకులోనే మాట్లాడతాడని ఊరు ఆయనకు మైకాసురుడని పేరు పెట్టింది.

"పాత బజారులో చరిత్ర ఉన్న ప్రతి కట్టడానికీ బోర్డు పెడతాం! బోర్డు పెట్టిన చోట సంబరాలు ముగిసేదాకా ఒక్క ఇటుక కూడా కదపకూడదు!"

తాళంకప్ప చేతిలోని తాళాల గుత్తి గల్లుమంది. తన గోడకు కావలసింది సిమెంటు కాదు, చరిత్ర అని ఆయనకు ఆ క్షణాన తట్టింది.

ఆ పూటే ఒక ఇనుప కడ్డీ తీసి జానెడు పొడవున తాళంచెవి చేశాడు. ఉప్పునీళ్ళలో నానబెట్టి, ఎండలో పెట్టి, మళ్ళీ నానబెట్టి మర్నాటికల్లా దాని వయసు మూడు వందల ఏళ్ళకు పెంచాడు. మంగళవారం మధ్యాహ్నం భార్య కొలతలు తీసుకోవడానికి వెళ్ళినప్పుడు మంచం వెనక గోడకు కన్నం తొలిచి, తాళంచెవి దూర్చి, సున్నంతో పూడ్చేశాడు. బుధవారం సాయంత్రం పదిమందిని వెంటబెట్టుకొచ్చి, మంచం జరుపుతున్నట్టు నటించి, దాని కోడు తగిలించి సున్నం పెళ్ళ రాల్చి, బయటపడ్డ తాళంచెవిని చూపిస్తూ "అయ్యో, ఇదేమిటీ!" అని అరిచాడు.

అరుపు బాగా కుదిరింది. మైకాసురుడు మైకు జారవిడిచాడు.

"మా తాత చెప్పేవాడు" అన్నాడు తాళంకప్ప గొంతు తగ్గించి. "ఈ బజారు గేట్ల తాళంచెవులన్నీ కాపలా కాసిన మనిషి ఈ గదిలోనే ఉండేవాడట."

తాత చెప్పింది నిజానికి ఒక్కటే, మధ్యాహ్నం పడుకోవద్దని.

గురువారం ఎనిమిదింటికి బావమరిది సుత్తితో వచ్చేసరికి గుమ్మం మీద 'తాళాల కాపరి గది' అని బోర్డు ఉంది.

"ఇదేంటి బావా?"

"చరిత్ర, బామ్మర్దీ. చరిత్ర మీద సుత్తి వెయ్యకూడదు."

బావమరిది అక్క వైపు చూశాడు. ఆవిడ బోర్డును చదివింది. భర్త చొక్కా చేతుల అంచులు చూసింది. మళ్ళీ బోర్డు చూసింది.

"వెళ్ళిరా తమ్ముడూ. కబురు చేస్తాలే" అంది.

అంతే. అరవలేదు, దెప్పలేదు. ఇరవై రెండేళ్ళ కాపురంలో తాళంకప్పకు ఎన్నో తుఫాన్లు అనుభవమే. ఇలా ఆకు కూడా కదలని వాతావరణం మాత్రం ఎప్పుడూ చూడలేదు.

పది గంటలకు జనం మొదలయ్యారు. సామాన్ల గదికి దారి కుట్టుగదిలోంచే. వచ్చినవాడు వచ్చినట్టు కత్తిరించిన గుడ్డ మీద కాలేసి, బల్లకు తగిలి, "ఏదండీ తాళంచెవి?" అంటూ లోపలికి వెళ్ళేవాడు. మైకాసురుడు మడతమంచం బయట పెట్టించాడు. "కాపరి మెలకువగా ఉండేవాడు గదండీ, మంచమెందుకు?" అన్నాడు. తాడు కట్టించాడు. తాడు పక్కన తాళంకప్పను నిలబెట్టాడు, పది నుంచి అయిదు దాకా కథ చెప్పడానికి. నిద్ర కోసం చరిత్ర సృష్టించిన మనిషికి నిద్ర తప్ప అన్నీ దక్కాయి.

ఆయన నోరు ఊరుకోలేదు. పొద్దున్న నాలుగు గేట్లున్న బజారుకు మధ్యాహ్నానికి తొమ్మిదయ్యాయి. సాయంత్రానికి శత్రుసైన్యం వచ్చింది. మర్నాటికి కాపరి ఆఖరి తాళంచెవిని గోడలో దాచి, ఎంత హింసించినా చెప్పకుండా ప్రాణం విడిచాడు. ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు. తాళంకప్ప కూడా తుడుచుకున్నాడు.

శుక్రవారం సాయంత్రం జనం వెళ్ళాక ముందుగదిలోకి వచ్చాడు. భార్య గోడకు ఆనించిన మిషను దగ్గర ఒదిగి కూర్చుని కుడుతోంది. చక్రం తిప్పినప్పుడల్లా మోచెయ్యి గోడకు తగులుతోంది. అక్కడ చర్మం కమిలి నల్లబడింది. బల్ల మీద కుట్టడం అయినవి పంతొమ్మిది. కానివి నలభై ఒకటి. ఈ ఆదివారం పోతే, వచ్చే ఆదివారమే ఊరేగింపు.

"ఏమోయ్" అన్నాడు.

"చెప్పండి."

చెబుదామనే అనుకున్నాడు. నాలుక మీదికి వచ్చింది కూడా. "ఆ మోచేతికి ఏదైనా రాసుకోరాదూ?" అన్నాడు.

ఆవిడ దారం కొరికింది. "ఆ తాళాల కాపరికి పెళ్ళాం ఉందాండీ?"

"చరిత్రలో... లేదనుకుంటా."

"ఉండే ఉంటుంది. కథ చెప్పింది మొగుడు గనక ఆవిడ ఊసు రాలేదు."

తాళంకప్ప ఆ సాయంత్రం అన్నం కెలికి లేచాడు.

శనివారం చరిత్ర టీచరమ్మ వచ్చింది. ఎప్పుడో రిటైరైన మనిషి. ఊళ్ళో సగంమందికి చెవులు మెలేసి చరిత్ర నేర్పింది. తాళంకప్పను ఏడో తరగతిలో బెంచీ ఎక్కించింది కూడా ఆవిడే. చెల్లెలి ఊరికి వెళ్ళి ఆ పొద్దున్నే తిరిగి వచ్చిందట. చేతిలో భూతద్దం, చంకలో టార్చిలైటు.

"ఏదిరా నీ తాళంచెవి?"

ఇచ్చాడు. ఆవిడ భూతద్దంలోంచి దాన్ని చూస్తుంటే తాళంకప్పకు తననే చూస్తున్నట్టుంది. గదిలో ఇరవైమంది ఉన్నారు.

"ఊఁ" అంది ఆవిడ. ఆ 'ఊఁ'కు అర్థమేమిటో ఆయనకు బోధపడలేదు.

తర్వాత వంగి గోడ కన్నంలోకి టార్చి వేసింది. ఎంతసేపటికీ లేవలేదు.

"లోపల తెల్లగా ఏదో ఉంది. మడిచిపెట్టిన పత్రంలా ఉంది."

"తాళాల కాపరి కదా! తాళపత్రమే అయ్యుంటుంది!" అన్నాడు మైకాసురుడు, మైకులో. వీధి చివరిదాకా వినపడింది.

అప్పుడు గుర్తొచ్చింది తాళంకప్పకు. తాళంచెవి కన్నం లోపలికి జారిపోకుండా వెనక కాగితం కుక్కాడు. చేతికి అందిన న్యూస్‌పేపరు ముక్క, మంగళవారంది.

"పట్టకారుతో లాగెయ్యనా టీచర్?" అన్నాడు.

"చెయ్యి పెట్టావంటే వేళ్ళు విరుస్తాను. పాత కాగితం లాగితే పొడైపోతుంది. చుట్టూ గోడ విప్పి తియ్యాలి." గుమ్మంలో నిలబడ్డ భార్య వైపు తిరిగింది. "ఏమ్మా, గోడ విప్పితే నీకేమైనా అభ్యంతరమా?"

"నాకేముంటుందండీ? ఆయన్నే అడగండి. గోడంటే ఆయనకే ప్రాణం."

"చ... చరిత్ర కదా, ఒక్క ఇటుక కూడా కదపకూడదని రూలు..." అన్నాడు తాళంకప్ప.

"ఆ రూలు చరిత్రను కాపాడ్డానికే. చరిత్ర గోడ లోపల ఇరుక్కుంటే గోడే అడ్డం" అంది టీచరమ్మ.

మైకాసురుడు అక్కడికక్కడే ప్రకటించేశాడు. "సోమవారం పదకొండింటికి, ఈ వేసవి సంబరాలకే తలమానికం, గోడ విప్పే వేడుక! అందరూ రండి!" సుత్తి పని బావమరిదికి అప్పగించారు. కన్నం మీద అద్దాల పెట్టె బిగించారు. పెట్టెకు తాళం కావాలన్నారు. ఎక్కడ కొంటారు? తాళంకప్ప దుకాణంలోనే. తలలో మెదడు పనిచేయడం మానేసినా వ్యాపారి నోరు మానలేదు. "ఇది తీసుకోండి. తయారుచేసినవాడు కూడా చెవి లేకుండా తీయలేడు" అని తనే చెప్పి అమ్మాడు. చెవి టీచరమ్మ పట్టుకెళ్ళింది.

ఆదివారం సాయంత్రం, భార్య పక్కింటికి వెళ్ళిన సమయం చూసి ఆయన రెండు తీగలతో ఆ తాళం మీద పడ్డాడు. ముప్పై ఏళ్ళ అనుభవం, వందల తాళాలు తీసిన చెయ్యి. తాళం ఉలకలేదు, పలకలేదు. మొదటి తీగ విరిగింది. రెండోది లోపల ఇరుక్కుంది. జీవితంలో మొదటిసారి ఆయన నిజాయితీగా అమ్మిన సరుకు అదే.

"ఏం చేస్తున్నారండీ?"

వెనక భార్య.

"పరి... పరిశోధన."

"కానివ్వండి" అంది ఆవిడ. కుట్టిన బట్టలన్నీ మూటగట్టి పక్కింటికి మోసుకెళ్తోంది. "రేపు దుమ్ము లేస్తుంది కదా అని."

సోమవారం పదకొండింటికి వీధి కిటకిటలాడింది. కిటికీల్లో తలలు, అరుగుల మీద జనం. బావమరిది తలకు గుడ్డ చుట్టుకుని, సుత్తి భుజాన వేసుకుని గోడ ముందు నిలబడ్డాడు.

"బామ్మర్దీ, ఈ గోడ మీదే పైకప్పు ఆధారపడి ఉందేమో చూడు" అన్నాడు తాళంకప్ప చెవిలో.

"దూలం అటు పక్క గోడ మీదుంది బావా. ఇది ఉత్త అడ్డుగోడ. నేనెప్పుడో చూశా."

"దుమ్ముకి జనం దగ్గుతారు..."

"దగ్గనీ బావా. చరిత్ర కదా!"

అప్పుడు టీచరమ్మ ఒక లావుపాటి పుస్తకం తీసింది. చేత్తో రాసిన కాగితాలను తానే కుట్టుకున్న పుస్తకం.

"ఈ బజారు చరిత్ర నలభై ఏళ్ళుగా రాస్తున్నాను" అంది. మైకు అక్కర్లేకుండానే వీధి చివరిదాకా వినపడింది. "చూసిందే రాశాను. విన్నదాన్ని నాలుగిళ్ళలో అడిగి రాశాను. ఇంక కళ్ళు ఆనడం లేదు. ఒక్క పేజీ మిగిలింది. ఇవాళ ఈ గోడలోంచి వచ్చింది అందులో రాసి పుస్తకం మూసేస్తాను."

తాళంకప్ప ఆ పుస్తకం వైపు చూశాడు. అంచులు నలిగి పసుపుపచ్చగా ఉన్నాయి. గుండ్రటి అక్షరాలు, కొట్టివేతలు, పక్కన సవరణలు. ఆవిడ ఏడో తరగతిలో తనకు పెట్టిన ఎర్రగీతలు గుర్తొచ్చాయి. తెలియకపోతే తెలియదని రాయి, కల్పించి రాయకు అనేది.

సుత్తి లేచింది.

ఇప్పుడు నోరు మూసుకుంటే కాగితం బయటపడుతుంది. ఎవరో తమాషా చేశారని బుకాయించవచ్చు. ఎలాగో తప్పించుకోవచ్చు. ఆ లెక్కంతా ఆయన బుర్రలో తిరుగుతూనే ఉంది. కానీ కాళ్ళు బుర్రను అడగకుండా ముందుకు నడిచాయి.

"ఆగు బామ్మర్దీ!"

సుత్తి గాలిలో ఆగింది.

"గోడలో ఏమీ లేదు టీచర్. తాళంచెవి నేనే చేశాను. నేనే పెట్టాను. కాపరీ లేడు, సైన్యమూ లేదు. మీ పుస్తకంలో మాత్రం రాయకండి."

మైకాసురుడి మైకు కుయ్యిమంది.

"తెలుసురా" అంది టీచరమ్మ.

"తెలుసా?"

"టార్చి వెలుగులో భూతద్దం పెట్టి చూస్తే ఆ కాగితం మీద సబ్బుల ప్రకటన కనబడింది. తాళపత్రాల మీద సబ్బులు అమ్మినట్టు నలభై ఏళ్ళలో నేనెక్కడా చదవలేదు."

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత వీధి వీధంతా నవ్వింది. తాళంకప్పకు చెవులు ఎర్రబడ్డాయి. నవ్వు ఆగేదాకా తల ఎత్తలేదు. ఎత్తేసరికి ఎదురుగా భార్య.

"నీకూ తెలుసా?"

"మీ చొక్కాలు ఉతికేదెవరు? చేతుల అంచులకి సున్నం. పైగా మీరు గోడలో కుక్కింది ఉత్త పేపరు కాదు, మూటలు మోసేవాళ్ళ చొక్కాకి నేను గీసుకున్న చెయ్యి కొలత. మంగళవారం నుంచి ఆ చెయ్యి కోసం ఇల్లంతా వెతికాను."

"మరి గురువారమే అడగొచ్చు కదా!"

"అడిగితే ఒప్పుకునేవారా?"

ఆయన ఆలోచించాడు. "లేదు" అన్నాడు. ఆ వారంలో ఆయన ఆవిడతో చెప్పిన మొదటి నిజం అది.

"అందుకే టీచరుగారికి ఉత్తరం రాశాను. బోర్డు తీయించే దారి ఏదైనా ఉందా అని. మీ అంతట మీరు ఒప్పుకుంటే తప్ప సంఘం తీయదన్నారు." ఆవిడ కార్యదర్శి వైపు తిరిగింది. "ఏమండీ, గోడకి చరిత్ర లేదని ఈయన పదిమందిలో ఒప్పుకున్నారు కదా. ఇక మీ రూలు దీనికి వర్తించదు కదా?"

"వర్తించదు" అన్నాడు మైకాసురుడు. జనం వైపు చూశాడు. గోడ పడుతుందని ఎండలో నిలబడ్డ జనం అది పడకుండా ఇంటికి పోయేలా లేరు. "కానీ వేడుక మాత్రం ప్రకటించినట్టే జరుగుతుంది!"

"కొట్టనా అక్కా?"

"కొట్టు తమ్ముడూ."

మొదటి దెబ్బకు ఉత్తరపు కిటికీ గాలి కుట్టుగదిలోకి వచ్చింది. తాళంకప్ప కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి టీచరమ్మ ఆయన చేతిలో ఒక ఇటుక పెట్టింది. "మోయి" అంది. ఆయన తర్వాత ఇంకొకడు, ఆ తర్వాత ఇంకొకడు. వీధి చివరిదాకా జనం వరసకట్టి చేతులు మార్చుకుంటూ మధ్యాహ్నానికల్లా గోడను ఊరి బయటికి సాగనంపారు.

రెండు మిషన్లు వచ్చాయి. ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. ఈలోగా ఇంకో పన్నెండు పూర్తయినా, ఆరు రోజుల్లో కుట్టాల్సినవి ఇరవై తొమ్మిది వేషాలు. భార్య కళ్ళ కింద నలుపు దిగింది. బుధవారం ఒక మిషను సూది విరిగి సగం పూట పోయింది. తాళంకప్ప అడగకుండానే దుకాణం మూసి వచ్చి కూర్చున్నాడు. తాళాల్లో స్ప్రింగులు బిగించిన వేళ్ళు కాబట్టి కొక్కేలు కుట్టడం తొందరగానే పట్టుబడింది. పని చేస్తున్నంతసేపూ గుండుసూదులు పెదాల మధ్య పట్టుకోమంది భార్య.

"చేతికి అందుబాటులో ఉంటాయని" అంది.

మాట్లాడితే గుచ్చుకుంటాయని ఆయనకు మొదటి పూటే అర్థమైంది. ఆ వారమంతా ఆ ఇంట్లో చాలా కుట్టుపని సాగింది.

శనివారం సాయంత్రానికి యాభై ఎనిమిది. ఆదివారం పొద్దున్న ఊరేగింపు బయలుదేరడానికి గంట ముందు అరవయ్యోది, దీపాలు వెలిగించేవాడి చొక్కా, బల్ల మీద ఉంది. కొక్కేలు ఇంకా పడలేదు. తాళంకప్ప దాన్ని చేతిలో పట్టుకుని పరిగెత్తుతూ కుట్టాడు, నడుస్తూ కుట్టాడు. ఆఖరి కొక్కెం ఆ మనిషి ఒంటి మీదే వేశాడు. చొక్కాతో పాటు లోపలి బనీను కూడా కలిపి కుట్టేశాడని సాయంత్రం గానీ తెలియలేదు.

అరవైమంది నడిచారు. వేషాలు కుట్టింది ఎవరో మైకాసురుడు నాలుగుసార్లు ప్రకటించాడు. అన్నిసార్లూ ఆవిడ పేరే. గుమ్మంలో నిలబడి చూస్తున్న భార్య చెయ్యి కళ్ళ దగ్గరికి వెళ్ళింది. ఎండ పొడిచిందేమోనని తాళంకప్ప పక్కకి జరిగి నీడ ఇచ్చాడు. టీచరమ్మ ఆఖరి పేజీలో ఊరేగింపు గురించి రాసుకుంది, అరవైమందినీ లెక్కపెట్టి మరీ.

మర్నాటి నుంచే కొత్త పనులు వచ్చాయి. మూడు మిషన్లూ ఆగడం లేదు. ఒక మధ్యాహ్నం పొరుగూరి నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాం, చేతిలో సంబరాల కరపత్రంతో గుమ్మంలో నిలబడ్డారు.

"ఇక్కడేదో చారిత్రక గోడ ఉండాలి కదండీ?" అన్నాడాయన.

మూడు మిషన్లూ ఒక్కసారి ఆగాయి.

తాళంకప్ప నోటిలోంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి సూదుల దిండులో గుచ్చాడు. నోరు తెరిచాడు. లోపల గేట్లు, సైన్యాలు, ముట్టడులు అన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. భార్య తల ఎత్తలేదు. చెయ్యి మాత్రం చక్రం మీద అలాగే ఉంది.

"ఉండేదండీ. ఉత్త అడ్డుగోడ" అన్నాడు.

"ఎవరు కట్టించారో తెలుసా?"

"నాలాంటి మొగుడే ఎవడో కట్టించి ఉంటాడు."

వచ్చినావిడ నవ్వింది. "మరి పడగొట్టిందెవరు?"

ఆయన చెప్పబోయాడు గానీ, మూడు మిషన్లూ మళ్ళీ మొదలయ్యాయి. ఏం చెప్పాడో ఎవరికీ వినపడలేదు.